హైటెక్ సిటీ వైపు ఉద్యోగం, మరి ఇల్లెక్కడ? మెట్రో, ఎంఎంటీఎస్, బస్సు, సొంత బండి: ఏది ఎవరికి

"ఆఫీసు హైటెక్ సిటీలో" అన్న మాట ఊళ్లో చెప్పుకోవడానికి చాలు, హైదరాబాద్‌లో ఇల్లు వెతకడానికి చాలదు. ఆఫర్ లెటర్ తీసి అడ్రసు సరిగ్గా చూడండి. మైండ్‌స్పేసా, గచ్చిబౌలా, నానక్‌రామ్‌గూడా, కోకాపేటా? మ్యాపులో ఇవన్నీ ఒకే మూల ఉంటాయి గానీ మెట్రో వెళ్లేది మొదటిదాని దాకానే. మెట్రో బ్లూ లైన్ మైండ్‌స్పేస్ పక్కనున్న రాయదుర్గంతో ఆఖరు. అక్కడ దిగి నానక్‌రామ్‌గూడ వైపున్న విప్రో సర్కిల్ చేరాలంటే ఇంకో ఆరేడు కిలోమీటర్లు పోవాలి, అదీ పొద్దున తొమ్మిదిన్నర ట్రాఫిక్‌లో. "మెట్రో పక్కన ఇల్లు తీసుకో" అనేది మైండ్‌స్పేస్‌లో పనిచేసేవాళ్లకు మంచి సలహా, నానక్‌రామ్‌గూడలో పనిచేసేవాళ్లకు సగం సలహా.

ఇక దూరాన్ని కిలోమీటర్లలో లెక్కేయడం మానేయండి. ఇంటి గేటు దాటిన దగ్గర్నుంచి ఆఫీసులో మీ సీట్లో కూర్చునేదాకా ఎంతసేపు పడుతుందన్నదే అసలు లెక్క. స్టేషన్‌కు నడక, మెట్లు, సెక్యూరిటీ దగ్గర లైను, రైలు కోసం నిలబడటం, మధ్యలో మారడం, దిగాక ఆటో, ఆఫీసు టవర్‌లో లిఫ్టు క్యూ... అన్నీ ఇందులోకే వస్తాయి. అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది బండి మారడం. పీక్ టైమ్‌లో ఒక్కసారి మారితే పది పదిహేను నిమిషాలు పోయినట్టే. అందుకే పాతిక కిలోమీటర్లు ఒకే రైల్లో వచ్చేవాడు, పన్నెండు కిలోమీటర్లు మూడు బండ్లు మారి వచ్చేవాడి కంటే తక్కువ అలసిపోతాడు.

మెట్రో: ఏ వైపు నుంచి నేరుగా వస్తుంది, ఏ వైపు నుంచి చుట్టు తిప్పుతుంది

తొలి దశలో మూడు లైన్లు, మొత్తం సుమారు 69 కిలోమీటర్లు. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ రెడ్ లైన్, నాగోల్ నుంచి రాయదుర్గం బ్లూ లైన్, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) గ్రీన్ లైన్. రెడ్, బ్లూ కలిసేది అమీర్‌పేటలో. ఇల్లు ఎంచుకునేటప్పుడు ఈ అమీర్‌పేటే చాలామంది లెక్క తప్పిస్తుంది.

కేపీహెచ్‌బీ నుంచి హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్‌కు రోడ్డు మీద ఆరేడు కిలోమీటర్లు. అదే మెట్రోలో అయితే కేపీహెచ్‌బీలో ఎక్కి ఎనిమిది స్టేషన్లు దాటి అమీర్‌పేటలో దిగాలి, లైను మారాలి, మళ్లీ ఎనిమిది స్టేషన్లు వెనక్కి పడమరకు రావాలి. ఎదురుగా ఉన్న గుమ్మానికి ఊరంతా తిరిగి వచ్చినట్టు. కాబట్టి మియాపూర్, కేపీహెచ్‌బీ, కూకట్‌పల్లి వైపు ఇల్లు చూస్తూ "మెట్రో ఉంది కదా" అనుకుంటే, అది అమీర్‌పేట, పంజాగుట్ట, లక్డీకాపూల్, నాంపల్లిలో పనిచేసేవాళ్లకు వర్తించే మాట. హైటెక్ సిటీ వాళ్లకు ఆ ప్రాంతం దగ్గరే, కానీ మెట్రో వల్ల కాదు. బస్సు, బండి, కొన్ని చోట్ల ఎంఎంటీఎస్ లోకల్ రైలు వల్ల.

రాయదుర్గం వైపు ఆఫీసు ఉన్నవాళ్లకు మెట్రో నిజంగా కలిసొచ్చేది తూర్పు నుంచి. నాగోల్, ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాద్ ఈస్ట్, పరేడ్ గ్రౌండ్, బేగంపేట... ఎక్కడ ఎక్కినా మారే పని లేదు. ఈ కొస నుంచి ఆ కొసకు 23 స్టేషన్లు, గంటకు కాస్త అటూ ఇటూ. వీటిలో నాగోల్‌ది వేరే లాభం. రైలు అక్కడే మొదలవుతుంది కాబట్టి పొద్దున సీటు దొరుకుతుంది. సాయంత్రం రాయదుర్గంలోనూ రైలు అక్కడి నుంచే బయల్దేరుతుంది, కూర్చునే వెళ్లొచ్చు. తార్నాక దగ్గరే, ఊరు మధ్యలో ఉన్నట్టే, అద్దె కాస్త ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. కానీ పీక్‌లో అక్కడ ఎక్కేవాళ్లు ఎక్కువగా నిలబడే ప్రయాణం చేస్తారు. రైలుకు మూడే బోగీలు. అమీర్‌పేట వచ్చేసరికి రెడ్ లైన్ జనం కూడా ఎక్కుతారు. అక్కడ ఎక్కేవాళ్లు ఒక రైలు వదిలేసి తర్వాతది ఎక్కడం మామూలే.

ఎల్బీ నగర్ నుంచి రెండు దారులున్నాయి. రెడ్ లైన్ ఎక్కి అమీర్‌పేటలో మారడం ఒకటి. ఆటోలోనో బస్సులోనో నాగోల్ వెళ్లి బ్లూ లైన్ ఎక్కడం రెండోది. మీ కాలనీ సాగర్ రింగ్ రోడ్డుకు ఉత్తరాన ఉంటే రెండోదే మేలు. సీటుకు సీటు, మారే బాధ కూడా ఉండదు. దిల్‌సుఖ్‌నగర్ దాటి మలక్‌పేట వైపు ఉంటే మాత్రం రెడ్ లైనే.

ఛార్జీల సంగతి. 2025 మేలో రేట్లు పెంచి, వారంలోపే పది శాతం తగ్గించారు. అప్పట్నుంచి రెండు కిలోమీటర్ల లోపు 11 రూపాయలు, నాలుగు నుంచి ఆరు కిలోమీటర్లకు 28, ఇరవై నాలుగు దాటితే 69. శ్లాబులు గమనిస్తే, దగ్గరి ప్రయాణానికే కిలోమీటరు ఖరీదు ఎక్కువ. ఐదు కిలోమీటర్ల కోసం మెట్రో ఎక్కడం డబ్బు పరంగా లాభం కాదు. ఆ దూరానికి బస్సో, సొంత స్కూటరో. మెట్రో సొగసు తెలిసేది పదిహేను కిలోమీటర్లు దాటాకే.

పార్కింగ్ కూడా ముందే చూసుకోండి. స్టేషన్ దాకా బండి మీద వెళ్లి అక్కడ పెట్టేసి రైలెక్కుదాం అనుకుంటే, నాగోల్, మియాపూర్ లాంటి చివరి స్టేషన్లలో స్థలం ఉంది గానీ డబ్బులు కట్టాలి. మధ్య స్టేషన్లలో చాలాచోట్ల స్థలమే తక్కువ. నెలకు ఎంతవుతుందో అక్కడే అడిగి ప్రయాణ ఖర్చులో కలపండి. ఇక రాత్రి 11 ప్రాంతానికి రైళ్లు ఆగిపోతాయి, పొద్దున 6కి మొదలవుతాయి. షిఫ్టు ఉద్యోగమైతే మెట్రోని నమ్ముకోకండి. ఆఫీసు క్యాబ్ ఏ ప్రాంతం దాకా వస్తుందో, ఎన్ని కిలోమీటర్లు దాటితే రాదో హెచ్‌ఆర్ దగ్గర రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఇంటి అడ్వాన్సు ఇవ్వండి. ఇల్లు తీసుకున్నాక "మీ ఏరియా మా పరిధిలో లేదు" అనిపించుకుంటే చేసేదేమీ ఉండదు.

ఎంఎంటీఎస్: అందరూ మర్చిపోయే మంచి రైలు, ఒక షరతుతో

2003లో మొదలైంది. లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ, భరత్ నగర్, ఫతే నగర్, బేగంపేట మీదుగా సికింద్రాబాద్, అటు నాంపల్లి, ఇంకా ఫలక్‌నుమా దాకా. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్, ఉందానగర్ వైపు కొత్త సర్వీసులొచ్చాయి. 2024 మార్చిలో మౌలాలి–సనత్‌నగర్ బైపాస్ లైను మీదుగా ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి రైలు మొదలైంది.

కనీస టికెట్ 5 రూపాయలు. సీజన్ టికెట్ తీసుకుంటే ఇంకా చవక. హఫీజ్‌పేటలో ఎక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. ట్రాఫిక్‌తో సంబంధం లేదు, చినుకు పడితే మునిగే రోడ్డుతో సంబంధం లేదు. ఇంత బాగుంటే అందరూ ఎందుకెక్కరు?

రైళ్లు తక్కువ. పొద్దున, సాయంత్రం పర్వాలేదు. మధ్యాహ్నం ఒకటి తప్పితే చాలాసేపు ప్లాట్‌ఫారం మీద కూర్చోవాలి. పైగా ఎక్కువ భాగం దూరప్రాంత రైళ్లు నడిచే పట్టాల మీదే పోవాలి కాబట్టి, ఎక్స్‌ప్రెస్ ఏదైనా ఆలస్యంగా వచ్చి దారి అడిగితే ఎంఎంటీఎస్ పక్కన ఆగుతుంది. ఆదివారాలు, పట్టాల పనులున్న రోజులు కొన్ని రైళ్లు రద్దవుతుంటాయి. ఇక హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ ఒకటి కావు. రైలు దిగాక సైబర్ టవర్స్‌కు ఇంకా రెండు కిలోమీటర్ల దారి, షేర్ ఆటోయే గతి.

కాబట్టి షరతు ఇదీ: ఆఫీసుకు రోజూ ఒకే టైముకు వెళ్లి ఒకే టైముకు బయటపడేవాళ్లు, చందానగర్, హఫీజ్‌పేట, లింగంపల్లి స్టేషన్లకు నడిచి వెళ్లగలిగే ఇంట్లో ఉంటే, దీన్ని మించిన చవక, నిలకడైన ప్రయాణం హైదరాబాద్‌లో లేదు. సాయంత్రం మీటింగులు ఎప్పుడు తెములుతాయో తెలియని ఉద్యోగమైతే దీన్ని రెండో దారిగానే పెట్టుకోండి. మేడ్చల్, తెల్లాపూర్, ఘట్‌కేసర్ వైపు ఇల్లు చూసేవాళ్లు "ఎంఎంటీఎస్ స్టేషన్ పక్కనే" అన్న మాట వినగానే పొంగిపోకుండా, ఆ స్టేషన్‌లో రోజుకు ఎన్ని రైళ్లు ఆగుతాయో, మీ టైముకు ఒకటైనా ఉందో టైంటేబుల్‌లో చూడండి. స్టేషన్ ఉండటం వేరు, రైలు ఉండటం వేరు. టికెట్ ఫోన్‌లోనే తీసుకోవచ్చు. లేకుండా పట్టుబడితే ఛార్జీ మీద కనీసం 250 జరిమానా.

సిటీ బస్సు: మీరు ఎవరన్నదాన్ని బట్టి దీని ఖరీదు మారుతుంది

2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. మెట్రో డీలక్స్‌కు, ఏసీ బస్సులకు ఇది వర్తించదు. ఒక చిక్కు ఉంది, ఆంధ్ర నుంచి వచ్చి చేరేవాళ్లు ఎక్కువగా ఇందులో ఇరుక్కుంటారు. ఈ సౌకర్యం తెలంగాణ నివాసులకే. చూపించే గుర్తింపు కార్డు మీద తెలంగాణ అడ్రసు ఉండాలి. ఆధార్‌లో గుంటూరు, కర్నూలు అడ్రసే ఉంటే టికెట్ కొనాల్సిందే. అద్దె అగ్రిమెంటుతో ఆధార్ అడ్రసు మార్పించుకునే పని మొదటి నెలలోనే పెట్టుకోండి.

మగవాళ్లకు 2025 జూన్‌లో పెరిగిన రేట్ల ప్రకారం నెల పాసు ఆర్డినరీకి 1,400, మెట్రో ఎక్స్‌ప్రెస్‌కు 1,600, మెట్రో డీలక్స్‌కు 1,800 రూపాయలు. దూరంతో పనిలేదు, ఎన్నిసార్లెక్కినా అంతే. ఇంట్లో ఇద్దరూ బస్సు మీదే వెళ్తే, ఆమెకు సున్నా, ఆయనకు 1,600. ఎంఎంటీఎస్‌ను పక్కనపెడితే ఊళ్లో ఇంతకంటే చవకైన దారి లేదు.

లోపం కూడా తెలిసిందే. బస్సు కూడా కారుతో పాటే ట్రాఫిక్‌లో నిలబడుతుంది. పటాన్‌చెరు నుంచి కోఠికి వెళ్లే 218, సికింద్రాబాద్ వెళ్లే 219, సికింద్రాబాద్–కొండాపూర్ 10హెచ్, కోఠి–కొండాపూర్ 127కే లాంటి పాత రూట్లకు బస్సులు వరుసగా వస్తాయి. ఈ రూట్ల మీద ఇల్లు ఉంటే బస్సును నమ్ముకోవచ్చు. కొత్తగా లేచిన కాలనీల్లోకి మాత్రం గంటకు ఒకటో, రోజుకు నాలుగో తిరుగుతాయి. ఆ బస్సు లోపలి కాలనీ దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీదే దింపేస్తుందా అన్నది కిరాణా కొట్టు అతన్ని అడిగితే చెప్తాడు. బ్రోకర్ చెప్పడు.

సొంత బండి: నిజం లెక్కలు

నాగోల్–రాయదుర్గం దూరాన్నే తీసుకుందాం. పోను పాతిక, రాను పాతిక, నెలకు 24 పనిదినాలు, అంటే 1,200 కిలోమీటర్లు.

స్కూటరు ఊళ్లో లీటరుకు 45 ఇచ్చినా 27 లీటర్లు. లీటరు 107 చొప్పున సుమారు 2,850 రూపాయలు. సర్వీసింగ్, టైర్లు, ఇన్సూరెన్స్ నెలకు పంచితే ఇంకో ఐదారు వందలు వేసుకోండి. మెట్రోకు రోజుకు 138 చొప్పున 3,312. రెండు చివర్లా షేర్ ఆటోలకు రోజుకు 60 పడితే ఇంకో 1,440, మొత్తం 4,750. అంటే జేబు లెక్కలో స్కూటరే గెలుస్తుంది. మెట్రో చవక అని ఎవరైనా అంటే నమ్మకండి. మెట్రోలో మీరు కొనుక్కునేది నడుము, ఊపిరితిత్తులు, తడవని బట్టలు, ఏ రోజైనా ఒకే టైముకు చేరతామన్న ధీమా. రోజుకు యాభై కిలోమీటర్లు టూవీలర్ మీద ఏళ్ల తరబడి నడపడం ఒంటికి పడదు, పాతికేళ్ల వయసులో ఆ సంగతి తెలియదంతే. పది కిలోమీటర్ల లోపైతే స్కూటరుకు తిరుగులేదు.

కారు లీటరుకు 12 ఇస్తే వంద లీటర్లు, 10,700 రూపాయలు పెట్రోలుకే. దీనికి ఈఎంఐ, పార్కింగ్ అదనం. ముగ్గురు కలిసి కార్‌పూల్ చేస్తే తలకు మూడున్నర వేలు, మెట్రో టికెట్లతో దాదాపు సమానం. ఒక్కరే వెళ్లేవాళ్లు, కారు ఖర్చుకు, స్కూటరు ఖర్చుకు తేడా అయిన ఆ ఏడెనిమిది వేలు ఆఫీసు దగ్గర అద్దె మీద పెట్టగలరేమో ముందు చూడాలి. చాలామంది నాగోల్‌లో అద్దె పన్నెండు వేలు తక్కువ అని మురిసి, పదకొండు వేలు పెట్రోలు బంకులో పోస్తుంటారు. రోజూ రెండున్నర గంటలు రోడ్డు మీద పోవడం ఆ లెక్కలోకి రానే రాదు.

ఔటర్ రింగ్ రోడ్డును చూసి శివారులో ఇల్లు తీసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు కారుకు వరం. కొల్లూరు, తెల్లాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ పక్కనున్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు టోల్ కట్టి హాయిగా రావొచ్చు. టూవీలర్లను మాత్రం మెయిన్ రోడ్డు ఎక్కనివ్వరు. స్కూటరు వాళ్లు సర్వీస్ రోడ్డు మీద, లారీల మధ్య, వీధి దీపాలు లేని చోట్ల కూడా వెళ్లాలి. "ఓఆర్ఆర్ నుంచి పది నిమిషాలు" అన్న ప్రకటన కారున్నవాళ్ల కోసం రాసింది. ఇంట్లో ఒకరికి కారు, ఇంకొకరికి స్కూటరు ఉంటే, ఆ స్కూటరు వాళ్ల దారే చూసి నిర్ణయించండి.

రాబోయే లైను పేరుతో అమ్మేవాళ్ల దగ్గర

అద్దెకైతే ఈ భాగం వదిలేయొచ్చు. కొనేవాళ్లు మాత్రం నిదానంగా చదవాలి.

రెండో దశ మెట్రోకు 2024లో రాష్ట్రం ఒప్పుకున్న ఐదు కారిడార్లివి: నాగోల్ నుంచి శంషాబాద్ విమానాశ్రయం 36.8 కిలోమీటర్లు (ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా), రాయదుర్గం నుంచి కోకాపేట నియోపొలిస్ 11.6, ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట 7.5, మియాపూర్ నుంచి పటాన్‌చెరు 13.4, ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ 7.1. మొత్తం 76.4 కిలోమీటర్లు, అంచనా 24,269 కోట్లు. 2024 నవంబరులో డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) కేంద్రానికి వెళ్లింది. తర్వాత మేడ్చల్, శామీర్‌పేట, ఫ్యూచర్ సిటీ వైపు ఇంకో మూడు చేర్చారు. బ్రోచర్లలో ఈ గీతలన్నీ పట్టాలు వేసేసినట్టే ఉంటాయి.

గీత కదలదని ఎవరూ హామీ ఇవ్వలేరు. విమానాశ్రయం లైనే చూడండి. 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ, నార్సింగి, రాజేంద్రనగర్ మీదుగా శంషాబాద్‌కు 31 కిలోమీటర్ల లైనుకు శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ ప్రతిపాదన పక్కకు పోయింది, లైను ఊరికి ఆ చివరన ఉన్న నాగోల్ వైపుకు మళ్లింది. నార్సింగి వైపు "ఎయిర్‌పోర్ట్ మెట్రో" పేరుతో గజానికి ఎక్కువ పెట్టి కొన్నవాళ్లకు శంకుస్థాపన రాయి కూడా గ్యారంటీ కాలేదు.

పాతబస్తీ సంగతి ఇంకా పాతది. తొలి దశలోనే గ్రీన్ లైను ఫలక్‌నుమా దాకా వెళ్లాలి. 2020 ఫిబ్రవరిలో తెరిచింది ఎంజీబీఎస్ వరకే. మిగిలిన ఐదున్నర కిలోమీటర్లు అలాగే ఉండిపోయి, ఇప్పుడు రెండో దశలో చాంద్రాయణగుట్ట దాకా పొడిగింపుగా లెక్కకొచ్చాయి. తొలి దశకు ఒప్పందం 2010లో జరిగితే మొదటి రైలు 2017 నవంబరులో, ఆఖరి ముక్క 2020లో. అన్నీ సవ్యంగా ఉన్న లైనుకే ఏడెనిమిదేళ్లు అనుకోండి. పైగా 2025 సెప్టెంబరులో తొలి దశను, దాన్ని కట్టిన ఎల్ అండ్ టీ కంపెనీ నుంచి ప్రభుత్వమే తీసుకునేందుకు సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది. అంటే డబ్బు లెక్కలూ కదులుతున్నాయి.

అందుకని ప్రతిపాదిత లైనును ఐదు మెట్లుగా చూడాలి: డీపీఆర్, కేంద్ర ఆమోదం, అప్పు ఖరారు, భూసేకరణ, టెండరు. టెండరు పిలిచి పిల్లర్లు లేస్తున్నాక ధరలో లైను కోసం కొంత ఎక్కువ ఇవ్వొచ్చు. భూసేకరణ దశలో కొంచెమే. దానికి ముందైతే రూపాయి కూడా వద్దు. లైను రాకపోయినా నచ్చే ఇల్లయితేనే కొనండి, వస్తే కలిసొచ్చిందనుకోండి. విశాఖ, విజయవాడ మెట్రోల పేరుతో అమ్మే వెంచర్లకూ ఇదే కొలత పనికొస్తుంది.

ఇంకోటి, దీని గురించి అమ్మేవాళ్లు నోరెత్తరు. మెట్రో రావడానికి ముందు మెట్రో పనులొస్తాయి. హయత్‌నగర్, పటాన్‌చెరు లైన్లు హైవే మీదే. పిల్లర్ల కోసం రోడ్డు మధ్య బారికేడ్లు పెడితే రెండు వైపులా ఒక్కో వరస పోతుంది, కొన్నేళ్లపాటు. ఆ రోడ్డుకు ఆనుకుని ఉన్న స్థలమైతే వెడల్పులో ఎంత పోతుందో కూడా చూసుకోవాలి. లైనుకు అర కిలోమీటరు లోపలికి ఉన్న వీధి, రెండో దారి కూడా ఉన్న కాలనీ నయం.

కాగితాల విషయంలో, బ్రోచర్‌లో "100 అడుగుల రోడ్డు" అని ఉంటే అది నేల మీదున్న రోడ్డా, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో గీసిన రోడ్డా అడగండి. 2013లో వచ్చిన 2031 మాస్టర్ ప్లాన్‌లో గీసి ఇంకా పడని రోడ్లు శివార్లలో చాలా ఉన్నాయి. అలాంటి రోడ్డు మీద ఆధారపడిన వెంచర్‌కు ఇప్పుడున్న దారి ఎంత వెడల్పు, అది పంచాయతీదా, పక్కవాడి పట్టా భూమిలోంచి పోతోందా తేల్చుకోవాలి. హెచ్‌ఎండీఏ దగ్గర ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేస్తే మీ సర్వే నంబరు మీదుగా ఏ రోడ్డు పోతోందో బయటపడుతుంది. చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే మేర), దాని చుట్టూ బఫర్ హద్దులు, ప్రాజెక్టు రిజిస్ట్రేషన్‌కు రెరా నంబరు చూడటం మామూలే, అవి వదిలేయకండి.

మరి ఎవరికి ఏది

మైండ్‌స్పేస్, సైబర్ టవర్స్, మాదాపూర్‌లో ఆఫీసు, పిల్లల చదువు, పెద్దవాళ్ల ఆసుపత్రి వల్ల పాత ఊరి సౌకర్యాలు కావాలి అంటే తార్నాక నుంచి నాగోల్ దాకా బ్లూ లైను. అందులోనూ స్టేషన్‌కు నడిచేంత దూరం. ఉప్పల్‌లో చౌరస్తా దాటడమే పెద్ద పని, 2023లో వచ్చిన స్కైవాక్‌తో స్టేషన్‌కు చేరడం తేలికైంది.

నానక్‌రామ్‌గూడ, కోకాపేట ఆఫీసుకు మెట్రో మీద ఆశ పెట్టుకోకుండా నల్లగండ్ల, తెల్లాపూర్, గోపన్‌పల్లి, మణికొండ, నార్సింగి వైపే చూడండి. నల్లగండ్ల వైపు వెళ్లేవాళ్లు లింగంపల్లి రైల్వే అండర్‌పాస్‌ను గుర్తు పెట్టుకోవాలి. గట్టి వాన పడితే అందులో నీళ్లు నిలిచి దారి మూసేస్తారు. ఆ రోజు ఇంకో దారి ఏదో ముందే తెలిసుండాలి.

భార్యాభర్తల్లో ఒకరు రాయదుర్గం, ఇంకొకరు సికింద్రాబాద్ అయితే బేగంపేట, పరేడ్ గ్రౌండ్ మధ్య ఇల్లు ఇద్దరికీ వీలు. ఒకరు హైటెక్ సిటీ, ఇంకొకరు అబిడ్స్, కోఠి అయితే ఎర్రగడ్డ నుంచి అమీర్‌పేట దాకా. ఇద్దరి దూరం సగం సగం చేయడం కాదు, ఎవరికి టైము కచ్చితంగా ఉండాలో, స్కూల్ బస్సు దగ్గర పిల్లల్ని అందుకోవాల్సింది ఎవరో చూసి వాళ్లకు ఒక్క బండితో అయిపోయే చోటు తీసుకోవాలి.

కొంపల్లి, మేడ్చల్ నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లి రావాలంటే మాత్రం మంచి సలహా లేదు. మీ టైముకు రైలు దొరుకుతుందన్న నమ్మకం లేదు, రోడ్డు బాలానగర్ మీదుగా. ఇల్లు సొంతమైతే తప్పదు. అద్దెకు ఆ కష్టం ఎందుకు?

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పరీక్ష

ఆదివారం సాయంత్రం ఇల్లు చూసి నిర్ణయించుకోవద్దు, ఆ రోజు ఊరంతా దగ్గరే. మంగళవారమో, బుధవారమో పొద్దున మీ ఆఫీసు టైముకు సరిపోయేలా ఆ ఇంటి గేటు దగ్గర్నుంచి బయల్దేరి, మీరు వాడబోయే దారిలోనే ఆఫీసు దాకా వెళ్లండి. అదే రోజు సాయంత్రం ఆరున్నరకు తిరిగి రండి. రెండు టైములూ రాసుకోండి. కుదరకపోతే గూగుల్ మ్యాప్స్‌లో పొద్దున తొమ్మిదిన్నరకు చేరాలని పెడితే ఇన్ని నిమిషాల నుంచి ఇన్ని నిమిషాలని చూపిస్తుంది. అందులో పెద్ద సంఖ్యే తీసుకోండి. వానాకాలమైతే దానికి ఇంకో పావు వంతు కలపండి.

రాత్రి పదికి స్టేషన్ నుంచి ఆ వీధి దాకా ఒకసారి నడవండి. దీపాలున్నాయా, ఫుట్‌పాత్ ఉందా, షేర్ ఆటో ఆ టైముకు దొరుకుతుందా చూడండి. ఇంట్లో ఆడవాళ్లు ఆ దారిన రావాల్సి ఉంటే ఈ ఒక్క సంగతి మీదే ఇల్లు వద్దనుకున్నా తప్పులేదు.

అగ్రిమెంటులో లాకిన్ (ఇల్లు ఖాళీ చేయకూడని కనీస గడువు) ఉంటే మూడు నెలలకు మించి ఒప్పుకోకండి. ఆఫీసులు మైండ్‌స్పేస్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు తరచూ మారుతుంటాయి. అలా మారితే బ్లూ లైన్ పక్కన తీసుకున్న ఇంటికి ఉన్న లాభం సగానికి పడిపోతుంది.